50 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో నాచు తినే నత్తలు: ఏవి వేయాలి, ఎన్ని వేయాలి, ఎందుకు చనిపోతున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. హైదరాబాదులో మీ ఇంట్లో 50 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి మూడు నెలలు అయింది. అందులో రెండు క్లౌన్ చేపలు, కొంత లైవ్ రాక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న సముద్రపు రాయి), ఇసుక ఉన్నాయి. అద్దం మీద, రాళ్ల మీద ఆకుపచ్చ నాచు పడుతోంది. దుకాణదారు పది నత్తలు వేయమంటే మీరు ముందుగా నాలుగు తెచ్చి వేశారు. వారం తిరక్కముందే నాలుగూ చనిపోయాయి, చేపలకు మాత్రం ఏమీ కాలేదు. నీళ్లు వంటగదిలోని ఆర్వో ఫిల్టరు నుంచి పడుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ ట్యాంకుకు రెండు ట్రోకస్ నత్తలు, రెండు మూడు సెరిత్ నత్తలు చాలు. అయితే వాటిని ఇప్పుడే కొనకండి. చేపలు నిక్షేపంగా ఉండి నత్తలు మాత్రమే వరుసగా చనిపోయాయంటే నేను మొదట అనుమానించేవి రెండు: నీటిలో రాగి, సాలినిటీలో, అంటే నీటిలోని ఉప్పు పాళ్లలో హెచ్చుతగ్గులు. ఈ రెండింటి సంగతి తేల్చుకోకుండా కొత్త నత్తలను తెచ్చి వేస్తే వాటికీ అదే గతి పడుతుంది.

మొదట రాగి సంగతి. నత్త రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్‌లోనే రాగి ఉంటుంది. అయినా నీటిలో కరిగిన రాగి మాత్రం నత్తకు విషం. మన దగ్గర చేపల చెరువుల్లో నాచును, నత్తలను చంపడానికి మైలుతుత్తం చల్లడం ఆక్వా రైతులకు తెలిసిన పనే. ఆ మైలుతుత్తం కాపర్ సల్ఫేటే. ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు వాడే మందుల్లో కూడా చాలావరకు రాగే ఉంటుంది. ఆ మోతాదును చేప తట్టుకోగలదు గానీ నత్త తట్టుకోలేదు.

మీ విషయంలో నాకు ముఖ్యమైన అనుమానం వంటగది ఫిల్టరు మీదే. ఇప్పుడు మన ఇళ్లలో పెట్టించుకుంటున్న ఆర్వో యంత్రాల్లో చాలా వాటిలో తాగేవారి ఆరోగ్యం కోసమని నీటికి రాగిని కలిపే గొట్టం ఒకటి అదనంగా ఉంటోంది. మీ యంత్రం మీద ‘కాపర్’ అన్న మాట ఉందేమో ఒకసారి చూడండి. తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500 లీటరుకు 0.05 మిల్లీగ్రాముల రాగిని పరిమితిగా పెట్టి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తుంది. సముద్ర జీవుల కోసం అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన దీర్ఘకాలిక పరిమితి లీటరుకు 0.0031 మిల్లీగ్రాములు. అంటే మనకు ఏ హానీ చేయని నీటిలో కూడా నత్తకు ప్రమాదకరమైనంత రాగి ఉండవచ్చు. రాగి బిందెలో నిల్వ పెట్టిన నీళ్లను ట్యాంకులో పోయకూడదని చెప్పేది కూడా ఇందుకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మనకు దుకాణాల్లో దొరికే రాగి పరీక్ష కిట్లు చికిత్స మోతాదును కొలవడానికి తయారైనవి, అంత తక్కువ స్థాయిలో ఉన్న రాగిని అవి పట్టుకోలేవు. కాబట్టి కిట్‌లో రంగు మారకపోతే రాగి మందు మోతాదులో లేదని మాత్రమే తెలుస్తుంది, అసలే లేదని కాదు. అందుకని పరీక్ష మీద ఆధారపడకుండా నీటి మూలాన్నే మార్చమని చెబుతాను. రాగి గొట్టం, ఖనిజాలు కలిపే గొట్టం లేని సాదా ఆర్వోకు చివర, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ తగిలించి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీటినే వాడండి. వంటగది ఆర్వో యంత్రాల్లో రుచి కోసం ముడి నీటిని కొంత మళ్లీ కలిపే ఏర్పాటు కూడా ఉంటుంది. అందువల్ల బోరు నీళ్ల ఇళ్లలో వాటి నుంచి వచ్చే నీటి టీడీఎస్ వంద దాటడం నేను చూశాను. ఆ కలిసే నీటితో పాటు ట్యాంకులోకి వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్లు మీ నాచుకు ఎరువవుతాయి. నత్తలను చంపేదీ, నాచును పెంచేదీ ఒకే కుళాయి అయ్యే అవకాశం ఉందన్నమాట.

ట్యాంకులో ఇప్పటికే ఉన్న నీటిని రెండు మూడు వారాల పాటు వారానికి పాతిక శాతం చొప్పున, శుద్ధమైన నీటితో కలిపిన కొత్త ఉప్పునీటితో మార్చండి. ఆ రోజుల్లో ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్‌తో పాటు రాగిని పట్టుకునే రెజిన్ కూడా వేయండి. ఆ ట్యాంకును గానీ, ఆ రాళ్లను గానీ ఎవరి దగ్గరైనా పాతవి కొని ఉంటే, అంతకుముందు వాటిలో రాగి మందు వాడారేమో అడిగి తెలుసుకోండి. సున్నపు రాయి, ఇసుక రాగిని పీల్చుకుని తర్వాత కొద్దికొద్దిగా వదులుతాయి.

రెండోది సాలినిటీ. ఉప్పునీటి చేప తన శరీరంలోని ఉప్పు నిష్పత్తిని తానే సర్దుకుంటుంది. మనం పెంచే ఈ నత్తలకు ఆ శక్తి లేదు. చుట్టూ ఉన్న నీరు ఎలా ఉంటే వాటి ఒంట్లోని నీరూ అలాగే అవుతుంది. అందుకే ఒకే మార్పును చేప గమనించకుండా ఈదేస్తుంటే నత్త చిప్పలోకి ముడుచుకుని మూత వేసుకుంటుంది.

చిన్న ట్యాంకులో ఈ మార్పు ఎంత తొందరగా వస్తుందో లెక్క వేసి చూడండి. రాళ్లు, ఇసుక పోగా మీ 50 లీటర్లలో అసలు నీరు 40 లీటర్లు ఉంటుంది అనుకుందాం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. ఎండాకాలంలో ఫ్యాను పెట్టిన ట్యాంకులో మూడు లీటర్లు తగ్గిపోయాయంటే 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ఉన్న సాలినిటీ 37.8కి చేరుతుంది. అప్పుడు మీరు చూసుకుని మూడు లీటర్ల ఉప్పు కలపని నీళ్లు ఒక్కసారిగా పోస్తే క్షణాల్లో మళ్లీ 35కి పడిపోతుంది. ఇది వారంలో రెండు మూడుసార్లు జరిగే ట్యాంకులో నత్త నిలదొక్కుకోదు. నీటి మట్టం దగ్గర అద్దం మీద గీత పెట్టుకుని ప్రతిరోజూ ఉదయం ఆ గీత వరకు ఉప్పు కలపని శుద్ధమైన నీళ్లు పోయండి. వీలైతే తగ్గిన నీటిని దానంతటదే నింపే ఏటీఓ పరికరం పెట్టుకోండి. నా అభిప్రాయంలో చిన్న ట్యాంకుకు ఖరీదైన లైటు కంటే ముందు కొనవలసింది ఇదే. సాలినిటీని 35 పీపీటీ దగ్గర, అంటే సాంద్రత 1.025, 1.026 మధ్య నిలపండి. కొలవడానికి తేలే ముల్లు ఉన్న ప్లాస్టిక్ డబ్బా కాకుండా, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకున్న రిఫ్రాక్టోమీటరు వాడండి.

కొన్న రోజు జరిగే తేడా కూడా చిన్నది కాదు. చేపల దుకాణాలు చాలావరకు ఉప్పు ఖర్చు తగ్గించుకోవడానికి, పరాన్నజీవులను అదుపులో పెట్టడానికి సాంద్రతను 1.020, 1.021 దగ్గర ఉంచుతాయి. ఆ నీటి నుంచి తెచ్చిన నత్తను పది నిమిషాలు సంచితో పాటు తేలనిచ్చి ట్యాంకులోకి వదిలితే, ఉష్ణోగ్రత సరిపోతుందే గానీ సాలినిటీ సరిపోదు. సంచిలోని నీటిని కూడా రిఫ్రాక్టోమీటరుతో చూడండి. తేడా ఉంటే నత్తలను ఆ నీటితోనే ఒక గిన్నెలోకి తీసుకుని, సన్నని గాలి గొట్టానికి ముడి వేసి ట్యాంకు నీటిని చుక్కలుగా వదలండి. గంటన్నర, తేడా ఎక్కువైతే రెండు గంటలు పట్టనివ్వండి. ఆఖరున గిన్నెలోని నీటిని పారబోయండి, ట్యాంకులో కలపకండి. ఆ దుకాణం నీటిలో రాగి మందు ఉండే అవకాశం ఉంది. నత్తను లైటు తగ్గించిన వేళ, పాదం కిందికి ఉండేలా రాయి మీద పెట్టండి. కొత్త చోట అది ఒకటి రెండు రోజులు కదలకపోయినా కంగారు పడనవసరం లేదు.

ట్రోకస్ ఎందుకంటున్నానో చెబుతాను. ఉప్పునీటి ట్యాంకులకు అమ్మే నత్తల్లో ట్రోకస్, ఆస్ట్రియా, టర్బో, సెరిత్, నెరైట్ ముఖ్యమైనవి. ట్రోకస్, ఆస్ట్రియా రెండూ గోపురం ఆకారంలో ఉండి కొత్తవారికి ఒకేలా కనిపిస్తాయి. కానీ ఆస్ట్రియా ఇసుక మీద వెల్లకిలా పడితే తనంతట తాను లేవడం చాలా కష్టం, మనం చూడకపోతే అక్కడే చనిపోతుంది. ట్రోకస్ పాదాన్ని పొడుగ్గా చాపి, చుట్టూ పట్టు వెతుక్కుని తిరగబడి లేస్తుంది. రోజంతా ఉద్యోగానికి వెళ్లే వారి ట్యాంకులో ఈ ఒక్క తేడాయే నత్త ప్రాణం నిలుపుతుంది. ట్రోకస్ అద్దం మీది పలుచని నాచును, గోధుమ రంగు డయాటమ్ పొరను, పొట్టిగా ఉన్న వెంట్రుక నాచును కూడా తింటుంది. రాత్రి లైటు ఆర్పాక టార్చి వేసి అద్దానికి ఇవతలి వైపు నుంచి చూడండి. నోరు తెరుచుకోవడం, లోపలి నుంచి రంపం లాంటి నాలుక బయటికి వచ్చి అద్దాన్ని గీకి వెనక్కి పోవడం, తల అటూ ఇటూ తిప్పుతూ ముందుకు జరగడం స్పష్టంగా కనిపిస్తాయి. తెల్లవారాక ఆకుపచ్చ పొర మీద వంకర టింకరగా శుభ్రమైన దారి మిగిలి ఉంటుంది. ఆ దారి రోజూ కొత్తగా కనిపిస్తున్నంత కాలం మీ నత్త ఆరోగ్యానికి వేరే పరీక్ష అక్కరలేదు.

సెరిత్‌లు చిన్నవి, పొడవాటి మొన గలవి. పగలు ఇసుకలో ఉండి రాత్రి బయటికి వచ్చి ఇసుక మీద, రాళ్ల సందుల్లో ట్రోకస్ చేరని చోట్ల మేస్తాయి. ఇసుక పైపొర కదులుతుండడం అదనపు లాభం. నెరైట్‌లు అద్దాన్ని చక్కగా శుభ్రం చేస్తాయి గానీ అవి సముద్రపు ఒడ్డున ఆటుపోట్ల మధ్య బతికే జాతులు కాబట్టి నీటిపైకి పాకి ట్యాంకు బయటికి పోతుంటాయి, మూత తప్పనిసరి. రాళ్ల మీద అవి అంటించే తెల్లని గుడ్ల చుక్కలు గీకినా సులువుగా పోవు. పెద్ద టర్బో నత్తలు మీ ట్యాంకుకు వద్దు. తిండి వారంలోనే అయిపోతుంది, అవి రాళ్లను, అంటించని పగడపు ముక్కలను తోసేస్తాయి. వాటిలో మెక్సికన్ టర్బో అని అమ్మేది కాస్త చల్లని నీటిది, మన వేసవిని ఓర్చుకోలేదు. మార్గరీటా పేరుతో వచ్చే నత్త కూడా చల్లని సముద్రాలదే. నసేరియస్‌ను నాచు తినే నత్త అని అమ్మితే నమ్మకండి. అది మిగిలిపోయిన మాంసాహారం తినే నత్త, నాచు జోలికి పోదు.

సంఖ్య తక్కువ ఎందుకు? నాచు తినే నత్తకు నాచే తిండి, అది అయిపోతే ఆకలితో చనిపోతుంది. నాలుగు లీటర్లకు ఒక నత్త అనే లెక్క అమ్మకానికి బాగుంటుంది గానీ 50 లీటర్ల ట్యాంకులో పెరిగే నాచు అన్ని నత్తలను నెల తర్వాత పోషించలేదు. ముందు రెండు వేసి మూడు వారాలు చూడండి. అద్దం మీద ఇంకా పొర మిగులుతుంటే మరొకటి వేయవచ్చు. అద్దం మరీ శుభ్రంగా ఉండిపోతే వారానికి రెండుసార్లు, ఉప్పు, నూనె, మసాలా లేని నోరి ముక్కను, అంటే సూపర్ మార్కెట్లో దొరికే ఎండు సముద్రపు నాచు రేకును, రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రి వేళ ఉంచండి. మిగిలింది ఉదయాన్నే తీసేయాలి.

అయితే నత్తలు తినని వాటిని కూడా చెప్పాలి. ఎర్రని జిగట పొర నాచు కాదు, సయానో బాక్టీరియా, దాన్ని ఇవి అదుపు చేయలేవు. గాజు గోళాల్లా ఉండే వెలోనియా నాచును, ఈకల్లా ఉండే బ్రయోప్సిస్ నాచును కూడా తినవు. చేతి వేలంత పొడవు పెరిగిన వెంట్రుక నాచును మీరే చేత్తో పీకేస్తే, మళ్లీ మొలిచే పొట్టి చిగుళ్లను ట్రోకస్ అదుపులో పెడుతుంది. గోధుమ రంగులో చీమిడిలా వేలాడుతూ, చివర్ల గాలి బుడగలు పట్టుకుని, రాత్రికి తగ్గి పగలు మళ్లీ పెరిగే పొర కనిపిస్తే అవి డైనోఫ్లాజెలేట్‌లు అనే ఏకకణ జీవులు కావచ్చు. వాటిలో కొన్ని విషపూరితమైనవి, తిన్న నత్తలు చనిపోతాయి. మీరు ఆకుపచ్చ నాచు అన్నారు కాబట్టి ఆ భయం లేదనుకుంటున్నాను, అయినా ఒక ఫోటో పెట్టండి.

నత్తలు తిన్న నాచు మళ్లీ మలంగా ట్యాంకులోకే వస్తుందని మరిచిపోకండి. అందుకే వాటితో పాటు లైటును రోజుకు ఎనిమిది గంటలకు తగ్గించడం, గడ్డకట్టిన మేతను కరిగించి ఆ నీరు పారబోసి వేయడం, వారానికి పది శాతం నీరు మార్చడం కూడా చేయాలి. ఆ పది శాతం నీటి మార్పుతోనే చిప్ప పెరగడానికి కావలసిన కాల్షియం, ఆల్కలినిటీ కూడా అందుతాయి. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు), ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఉంటే చాలు.

వేసవి గురించి ఒక మాట. హైదరాబాదు ఎండల్లో మూసిన గదిలో నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25, 26 డిగ్రీలు మంచిది, 28 వరకు ఫరవాలేదు. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను పెడితే మన పొడి గాలిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో అంత ఫలితం ఉండదు. ఫ్యాను పెట్టారంటే ఆవిరి పెరుగుతుంది, పైన చెప్పిన నీటి గీతను అప్పుడు పొద్దునా సాయంత్రమూ చూడాలి.

చనిపోయిన నత్తను అదే రోజు తీసేయండి. ఒక్క నత్త కుళ్లినా 40 లీటర్ల నీటిలో అమ్మోనియా పెరిగి చేపలకు ముప్పు రావచ్చు. కదలని నత్తను బయటికి తీసి మూతను వేలితో మెల్లగా తాకండి. లోపలికి లాక్కుంటే బతికే ఉంది. పాదం వేలాడుతూ, భరించలేని కంపు కొడితే చనిపోయినట్టే. వాసన చూడడానికి సంకోచించకండి, ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

ట్యాంకులో సన్యాసి పీతలు, అంటే ఖాళీ నత్త చిప్పల్లో నివసించే పీతలు ఉన్నట్టు మీరు చెప్పలేదు, వాటిని తర్వాత కూడా వేయకపోవడం మంచిది. కుదిరిన చిప్ప కోసం అవి నత్తలను చంపుతాయి. నాకు తెలిసిన ఒకరి ట్యాంకులో ట్రోకస్‌లు ఒకటొకటిగా మాయమై, వాటి చిప్పల్లో పీతలు తిరుగుతూ కనిపించాయి. ఇంకొకటి, కొత్త నత్తను కొనేటప్పుడు చిప్ప అంచున, మూత పక్కన బియ్యపు నూకల్లాంటి తెల్లని బుల్లి నత్తలు అంటుకున్నాయేమో చూడండి. అవి పిరమిడెల్లిడ్‌లు, పెద్ద నత్త రసం పీల్చి బతికే పరాన్నజీవులు. పాత టూత్ బ్రష్‌తో ట్యాంకు నీటిలో కాకుండా వేరే గిన్నెలో రుద్ది తీసేశాకే లోపలికి వదలాలి. నత్తలు లోపలికి పోకుండా పంపు, వేవ్ మేకర్ (నీటిలో అలలు పుట్టించే పరికరం) నీటిని పీల్చే చోట స్పాంజి తొడగండి.

ఈ మధ్య కొందరు విశాఖ వెళ్లినప్పుడు ఒడ్డు రాళ్ల మీది నత్తలను డబ్బాలో పట్టుకొస్తున్నారు. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. రాళ్ల మీద ఉండే నెరైట్‌లు, లిటోరినాలు, లింపెట్‌లు అలలు తగిలే, నీరు వచ్చిపోయే చోట బతికేవి. ఇసుకలో దొరికే వాటిలో బాబిలోనియా, మ్యూరెక్స్ లాంటివి మాంసాహారులు. కోన్ నత్తలకు విషపు ముల్లు ఉంటుంది, కొన్ని జాతుల కాటు మనుషుల ప్రాణం తీయగలదు. పైగా ట్రోకస్ నిలోటికస్ అనే పెద్ద ట్రోకస్, టర్బో మార్మొరేటస్ అనే పెద్ద టర్బో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఉన్న జాతులు. ట్యాంకులకు అమ్మే ట్రోకస్‌లు చాలావరకు రెండు మూడు సెంటీమీటర్ల చిన్న జాతులు. అయినా కొనేటప్పుడు ఏ జాతో, ఎక్కడిదో అడిగి బిల్లు తీసుకోండి. అన్నిటికంటే మేలు మరొకరి ట్యాంకులో పుట్టిన పిల్లలను తెచ్చుకోవడం.

అది జరిగే పనే. ట్రోకస్‌లు ఇంటి ట్యాంకుల్లో కూడా సంతానోత్పత్తి చేస్తాయి. ఒక రాత్రి పెద్దవి రాయి కొనకు ఎక్కి పొగలాంటి తెల్లని ద్రవాన్ని వదులుతాయి, నీరు కాసేపు మసకబారుతుంది. మీ ట్యాంకు చిన్నది కాబట్టి అలా జరిగిన మర్నాడు కొద్దిగా నీరు మార్చి, గాలి పంపు పెట్టండి. కొన్ని వారాల తర్వాత రాత్రి టార్చి వేస్తే అద్దం మూలల్లో మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల బుల్లి గోపురాలు పాకుతూ కనిపించవచ్చు. తిండి ఉన్నన్ని మాత్రమే పెరుగుతాయి. ఎక్కువైనవాటిని మీ ఊళ్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్న మరొకరికి ఇవ్వండి, సముద్రంలో మాత్రం వదలకండి. మన ట్యాంకులో ఏ దేశపు పరాన్నజీవి, ఏ జబ్బు చేరి ఉందో మనకు కనబడదు.